చౌడు కడిగిన నీళ్ళు

బొంబాయి అవతల సముద్రంలో చమురు దొరికిందని పేపర్లో వచ్చిన ఏడు, రాయచూరులో మా తెలుగు బడిలో వాదోపవాదాల పోటీ పెట్టారు. సముద్రం అడుగున తవ్వాలని నేను, వద్దని కాలువ క్యాంపు నుంచి వచ్చే అమ్మాయి. కాలువ పక్కన వెలసిన ఆ క్యాంపులోవాళ్ళు కోస్తా నుంచి వచ్చి మావైపు భూములు కొనుక్కున్నవాళ్ళు. ఆమె సముద్రం చూసింది. నేను చూసిన పెద్ద నీళ్ళు కాలువే. ఆ ఒక్క సంగతికే ఆమెను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

చమురు తెట్టు కడితే చేపలు చస్తాయి, మా తాతగారి ఊరి జాలర్లు ఏం తిని బతకాలి అని అడిగిందామె. పిల్లలంతా నోరు తెరుచుకుని విన్నారు.  రాసి తెచ్చుకున్న కాగితం పక్కన పడేసి లేచాను.

"మా చేన్ల చౌడు పేరుకుంటే ఏం జేస్తం? నిండ నీళ్లు కట్టి గట్టు తెగ్గొడ్తం. చౌడంత కొట్కపోతది. గట్లనే సముద్రాన్ని గూడ కడిగితే అయిపాయె!"

మా ఊరి పిల్లలు చప్పట్లు కొట్టారు. అవి ఆగేదాకా ఆగి, ఆమె మెత్తగా అడిగింది.

"కడిగిన నీళ్ళు ఎక్కడికి వదుల్తారండీ?"

 మా చౌడు నీళ్ళు ఎటు పోతాయో కూడా నేనెప్పుడూ ఆలోచించలేదు. వాగులోకి, కృష్ణలోకి, చివరికి ఆమె సముద్రంలోకే.

బహుమతి ఆమెకే ఇచ్చారు.

చాలా ఏళ్ళకు నేనూ సముద్రం చూశాను. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగిలింది. ఇందులో మా చేని చౌడు కూడా ఉంది, ఇది నీ ఒక్కదానిదే కాదని ఆమెకు చెప్పాలనిపించింది.