తలుపు లేని పై గది

మా మరదలు వీబ్కె ఇంట్లో పై గదికి తలుపు లేదు. లంక మీద ఇల్లు కట్టుకునే ప్రతివాళ్లూ ముంపొస్తే ఎక్కి కూర్చోవడానికి మేడ మీద అలాంటి గది ఒకటి కట్టాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. దానికి గట్టి తలుపు ఉండాలన్నదీ అదే నిబంధన. వీబ్కె మాత్రం పెట్టించదు. జనవరిలో సముద్రం మీది గాలి మెట్ల మీదుగా ఎక్కి వచ్చి సరిగ్గా ఆవిడ మంచం మీదే పడుతుంది. ఎనభై దాటిన మనిషి, గొంగళి మీద గొంగళి కప్పుకుని దగ్గుతూ పడుకుంటుందే గాని తలుపు మాట ఎత్తనివ్వదు. నేను ఆవిడకి ఆడపడుచుని. ఆ పెత్తనం కొద్దీ ఇన్నేళ్లూ తిడుతూనే ఉన్నాను. తిట్టి తిట్టి నోరు నొప్పెట్టింది గనక ఇప్పుడు ఆవిడ సంగతి చెబుతాను.

మాది గట్టు లేని లంక. శీతాకాలంలో సముద్రం ఎన్నోసార్లు పొలాల మీదికి వచ్చి పోతుంది. ఇళ్లు మట్టి దిబ్బల మీద ఉంటాయి గనక నీళ్లు దిబ్బ చుట్టూ చేరినా మాకు కంగారు ఉండదు. గొర్రెల్ని లోపలికి తోలుకుని, టీ కాచుకుని, కప్పులో పటికబెల్లం ముక్క చిటపటలాడుతుంటే వింటూ కూర్చుంటాం. ఆ నిబ్బరమే మా కొంప ముంచింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

మొదటిసారి వీబ్కెకి ఇంకా పెళ్లి కాలేదు. వాళ్ల నాన్న ముందురోజే పోయాడు. అప్పట్లో ప్రతి ఇంట్లోనూ పొయ్యి వెలిగించని గది ఒకటి ఉండేది. గోడలకి నీలం పింగాణీ పలకలు, ఓక్ చెక్క బీరువా, అందులో పింగాణీ సామాను, మూల నిలువు గడియారం. మర్యాద గది అనేవాళ్లం. పెళ్లికి, పాస్టరు గారు వచ్చినప్పుడు, ఇంట్లో మనిషి పోయినప్పుడు తప్ప దాని తలుపు తీసేవాళ్లు కాదు. పోయినవాళ్లు పాతిపెట్టేదాకా అక్కడే పడుకోవాలి. బతికినన్నాళ్లూ ఆ గదిలో కూర్చోనివ్వకపోయినా, చివర్లో మాత్రం దాన్ని వాళ్లకే వదిలేస్తాం. వీబ్కె నాన్న శవపెట్టెలో అక్కడే ఉన్నాడు.

ఆ ఫిబ్రవరిలో నీళ్లు దిబ్బ ఎక్కాయి. తల్లీ కూతురూ గడ్డి అటక మీదికి ఎక్కారు. కింద పడమటి గోడ కూలింది. అటక చెక్కల సందులోంచి వీబ్కె చూస్తుండగానే వాళ్ల నాన్న పెట్టె లేచి, తిరిగి, గోడ ఉన్నచోటునించి బయటికి వెళ్లిపోయింది. ఆయన మళ్లీ దొరకలేదు. చర్చి వెనక ఆయన పేరున రాయి ఉంది గాని దాని కింద మనిషి లేడు. తల్లి ఆ దిగులుతో వేసవి దాటలేదు.

దొరికింది ఆ ఓక్ బీరువా ఒక్కటే. దూరంగా ఒడ్డున ఉప్పుగడ్డిలో బోర్లా పడి ఉంది. అప్పటికే వీబ్కె చుట్టూ తిరుగుతున్న మా తమ్ముడు ఫెడ్డెర్ రెండు గుర్రాలు కట్టి దాన్ని ఈడ్చుకొచ్చాడు. చలికాలమంతా కూర్చుని అతుకులు వేసి, నూనె పట్టించి, కొత్త తాళం బిగించి ఆవిడకి ఇచ్చాడు. ఇంకెవరైనా ఉంగరం ఇస్తారు. మావాడికి ఆ తెలివి లేదనుకున్నాను. బీరువాని చూడగానే ఆ పిల్ల వాడి భుజం మీద తల పెట్టి ఏడ్చింది, వసంతంలో పెళ్లి చేసుకుంది.

ఇళ్లు మళ్లీ కట్టుకోవడానికి ప్రభుత్వం సాయం చేసింది, దానితోపాటు నిబంధనలూ పంపింది. వాటిని చెప్పడానికి ఓలుఫ్ అనే ఇంజనీరు వచ్చాడు. మంచివాడే, బురదంటే భయపడేవాడు కాదు. మేడ మీద ఒక గది నాలుగు కాంక్రీటు స్తంభాల మీద నిలవాలి. ఆ స్తంభాలు దిబ్బ మట్టిని దాటి కింద గట్టి నేల దాకా దిగాలి. ఇంటి గోడలకీ వాటికీ సంబంధం ఉండకూడదు. గోడలు పోతే పోనీ, గది నిలబడుతుంది.

"గోడలన్నీ పోయాక పైన కూర్చుని ఏం చెయ్యాలండీ, కొంగల్లాగా?" అని అడిగాడు మా ఆయన మొమ్మె.

"బతికుండాలి," అన్నాడు ఓలుఫ్. "కొంగలు బతికే ఉంటాయిగా."

గదిలో పరుపులు, మంచినీళ్లు, ఎండు రొట్టెలు తప్ప ఏమీ ఉండకూడదన్నాడు. తలుపు మందంగా ఉండాలి, బయటికి తెరుచుకోవాలి. ఎందుకంటే లోపల ఏది అడ్డం పడ్డా బయటివాడు తలుపు లాగి తెరిచి లోపలికి రావచ్చు. ఇది అందరి ముందూ రెండుసార్లు చెప్పాడు. ఫెడ్డెర్ నా పక్కనే నిలబడి విన్నాడు.

మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే దిబ్బ మీద కట్టాం, మధ్యలో పశువుల నీటి గుంట. మా పై గదిలో మొమ్మె వలలు పడేశాడు, ముంపు వచ్చినప్పుడల్లా గొర్రెల్ని కూడా ఎక్కించేవాడు. ఆ కంపు భరించలేకపోయేదాన్ని. వీబ్కె మాత్రం తన పై గదిని మర్యాద గది చేసింది. నీలం పలకలు ఎక్కడెక్కడినించో ఏరి తెచ్చి కాంక్రీటు గోడకి అతికించింది. కిటికీకి లేసు తెర కట్టింది. బీరువా కూడా పైకి ఎక్కించాలంది. ఫెడ్డెర్, మొమ్మె, ఇంకో ఇద్దరు కలిసి దాన్ని మెట్ల మీద మోసి, సగంలో ఆగి ఒకరినొకరు బూతులు తిట్టుకుని, ఎలాగో లోపల తలుపు పక్కన నిలబెట్టారు.

"ఏమే, ముంపొస్తే పింగాణీ మధ్యన కూర్చుని విందు చేస్తావా?" అన్నాను.

"మీ గదిలో గొర్రెలు కూర్చుంటాయి, నా గదిలో మర్యాదస్తులు కూర్చుంటారు. తేడా ఉంది కదా వదినా!"

"నీళ్లకి ఆ తేడా తెలుస్తుందా?"

అప్పుడు నవ్వడం మానేసింది. "ఈ ఇంట్లో పోయినవాళ్లని ఇంక సముద్రం తీసుకుపోకూడదు వదినా. అది ఎక్కలేని చోటొకటి నాకు దొరికింది. దాన్ని ఖాళీగా ఉంచమంటావా?"

నాకు వాళ్ల నాన్న పెట్టె గుర్తొచ్చింది.

తరవాత తలుపు సంగతి. బయటికి తెరుచుకునే తలుపు మెట్ల మీద ఉన్నవాణ్ణి వెనక్కి తోస్తుంది. పాస్టరు గారు పైకి వస్తే ఆయన్ని తలుపుతో కిందికి నెట్టడం ఏం మర్యాద, అంది వీబ్కె. వచ్చినవాళ్ల కోసం తలుపు లోపలికే తెరుచుకోవాలి. ఫెడ్డెర్ ఆవిడ మాట కాదన్నది ఎప్పుడు గనక? ఒక ఆదివారం కూర్చుని బందులు విప్పి లోపలివైపు బిగించాడు. ఈల వేసుకుంటూ బిగించాడు, ఆ ఈల మా వంటింట్లోకి వినబడింది.

ఏడాదికోసారి తనిఖీకి వచ్చే ఓలుఫ్ అది చూసి తల పట్టుకున్నాడు.

"అమ్మా, ఇది ప్రాణాలు కాపాడే గది. పెళ్లివారి గది కాదు."

"కూర్చోండి, టీ తాగండి. మీ ఇంట్లో చనిపోయినవాళ్లని ఎక్కడ పడుకోబెడతారండీ?"

"అదంతా ఆసుపత్రివాళ్లు చూసుకుంటారు."

"అందుకే మీకు అర్థం కావట్లేదు."

"సరే. కనీసం ఆ బీరువాని గోడకి బిగించండి. నాలుగు మేకులు చాలు."

"మా అమ్మ బీరువాకి బెజ్జాలు పెడతారా?" అంది వీబ్కె, ఆయన కప్పులో ఇంకో పటికబెల్లం ముక్క వేస్తూ. ఆయన ఫెడ్డెర్ వైపు చూశాడు. ఫెడ్డెర్ భుజాలెగరేశాడు. "వచ్చే ఏడాదికి మేకులు కొట్టిస్తా సార్," అన్నాడు. ఆ తరవాత ప్రతి ఏడాదీ అదే అన్నాడు.

ఏళ్లు గడిచాయి. వాళ్లకి పిల్లలు పుట్టలేదు. దాంతో ఆవిడ ఆ గదినే బిడ్డలా చూసుకుంది. శనివారం శనివారం పలకలు తుడిచేది, బూట్లు విప్పి మేజోళ్లతో తప్ప లోపల అడుగు పెట్టనిచ్చేది కాదు.

రెండోసారి ముంపు జనవరిలో వచ్చింది, పట్టపగలు. పొద్దున రేడియోలో చెప్పారు, మేం విన్నాం, టీ కాచుకున్నాం. మధ్యాహ్నానికి నీళ్లు దిబ్బ అంచు మీదికి వచ్చాయి. మొమ్మె గొర్రెల్ని పైకి తోలాడు, వాటి వెనక నన్ను తోలాడు. మా కిటికీలోంచి వాళ్ల ఇల్లు కనబడుతోంది. ఫెడ్డెర్ కొట్టంలో ఆవుల్ని విప్పుతున్నాడు. నడుం లోతు నీళ్లు.

"పైకి పోరా!" అని అరిచాను. గాలికి నా అరుపు నాకే వినబడలేదు.

తరవాత జరిగింది వీబ్కె చెబితేనే తెలిసింది. "నువ్వు పైకెళ్లు, ఆవుల్ని విప్పేసి వస్తా," అన్నాడట. ఆవిడ ఎక్కింది. గాలికి కొట్టుకుంటోందని తలుపు మూసింది. ఆ క్షణాన్నే కింద పడమటి గోడకి అల తగిలింది, ఇల్లంతా అదిరింది. మేకుల్లేని బీరువా ఊగి, పింగాణీతో సహా తలుపుకి అడ్డంగా పడి, తలుపుకీ ఎదుటి కాంక్రీటు గోడకీ మధ్య బిగుసుకుపోయింది. నలుగురు మగాళ్లు మోసిన బీరువా.

ఫెడ్డెర్ మెట్లెక్కి వచ్చి తోశాడు.

"తలుపు తియ్యవే!"

"బీరువా పడింది! గట్టిగా తొయ్యి!"

ఇద్దరూ చెరోవైపు ప్రాణం పెట్టి తోశారు, లాగారు. నిబంధన ప్రకారం చేసిన మందపాటి తలుపు. గొడ్డలి కింద కొట్టంలో, నీళ్ల అడుగున ఉంది. చెయ్యి పట్టేంత సందు వచ్చింది, అంతే. వాడు ఆ సందులోంచి వేళ్లు లోపలికి పెట్టాడు. ఆవిడ పగిలిన పింగాణీ మీద మోకాళ్ల మీద కూర్చుని ఆ వేళ్లు పట్టుకుంది.

"బయటికి తెరుచుకునేదాన్ని నేనే కదే తిప్పాను," అన్నాడట వాడు. ఆవిడ ఏడుస్తుంటే, "ఆవుల్ని విప్పేశాలే," అన్నాడట, ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పినట్టు. మెట్లు చెక్కవి. అవి గోడకే అంటుకుని ఉంటాయి, స్తంభాలకి కాదు. గోడ పోయింది, మెట్లూ పోయాయి. ఆవిడ చేతిలో వేళ్లు కాసేపు అలాగే ఉన్నాయి, మనిషి బరువంతా వాటి మీదే వేలాడింది. తరవాత అవి లేవు.

నేను కిటికీలోంచి చూసింది గోడ పడటం ఒక్కటే. గొర్రెల మధ్యన నిలబడి వాణ్ణి పేరు పెట్టి పిలిచాను.

చీకటి పడేలోపు నీళ్లు తీశాయి. దిబ్బ మీద వాళ్ల ఇల్లు లేదు. నాలుగు స్తంభాలు, వాటి మీద గది, గదికి లేసు తెర. ఆ తెర వెనక వీబ్కె నిలబడి ఉంది. తరవాత ఓలుఫ్ వచ్చి ఆ స్తంభాల్ని తడిమి తడిమి చూశాడు. ఒక్క బీట కూడా లేదు. ఆయన గోడ లేని చోట నిలబడి ఏడ్చాడు, నేను ఆయన్ని ఓదార్చలేదు. ఎవర్ని తిట్టాలో తెలియనంత కోపంతో ఉన్నాను. ఆ గదిని తిట్టాను, బీరువాని తిట్టాను, బందులు తిప్పిన నా తమ్ముణ్ణి తిట్టాను. కిటికీకి నిచ్చెన వేసి వీబ్కెని దింపారు, ఆవిడ ముఖం మాత్రం చూడలేకపోయాను.

సముద్రం ఈసారి మనిషిని తిరిగిచ్చింది. బీరువా దొరికిన ఉప్పుగడ్డిలోనే, కాస్త ఇవతల. చర్చిలో పడుకోబెడదామన్నారు పాస్టరు గారు.

"ఇంట్లో," అంది వీబ్కె. దింపినప్పటినించి ఆవిడ అన్న మొదటి మాట అది.

"ఇల్లు ఎక్కడుందమ్మా?" అన్నాడు మొమ్మె మెల్లగా.

ఆవిడ గది వైపు చూసింది. "అన్నయ్యగారూ, రంపం పట్టుకు రండి."

మొమ్మె కిటికీలోంచి ఎక్కి బీరువాని కోశాడు. ఆవిడే పక్కన నిలబడి ఎక్కడ కొయ్యాలో చూపించింది, ముక్కలు ఒక్కొక్కటే కిందికి విసిరేసింది. తరవాత తలుపు బందులు విప్పించింది. ఆ తలుపునే రెండు పీటల మీద పరిచారు. గడ్డి ఎత్తే కప్పీతో ఫెడ్డెర్‌ని పైకి లాగారు. బూట్లు విప్పబోతే వీబ్కె వద్దంది. బురద బూట్లతోనే వాడు ఆ గదిలో, ఆ తలుపు మీద, పాతిపెట్టేదాకా పడుకున్నాడు. నేనూ మేజోళ్లతో కాదు, బూట్లతోనే వెళ్లి పక్కన కూర్చున్నాను.

ఇల్లు మళ్లీ కట్టారు. గోడలు, మెట్లు, అన్నీ వచ్చాయి. పై గదిలో ఇప్పుడు పరుపు, గొంగళ్లు, మంచినీళ్ల డబ్బా, ఎండు రొట్టెలు, అంతే. లంక మొత్తానికి నిబంధనని ఇంత బాగా పాటించిన గది ఇంకోటి లేదు, తలుపు తప్పిస్తే. ఓలుఫ్ రిటైరయ్యేదాకా వచ్చి తలుపు మాట అడిగి, టీ తాగి వెళ్లిపోయేవాడు. ఆయన తరవాత వచ్చిన కుర్ర ఇంజనీరు అడిగితే ఆవిడ టీ కూడా ఇవ్వలేదు.

మొన్న గాలి మరీ ఎక్కువైంది. మెట్లు పట్టుకుని పట్టుకుని నేనే ఎక్కాను, మోకాళ్లు నన్ను తిడుతూనే ఉన్నాయి. ఆవిడ దగ్గుతోంది. దీపం ఆరిపోతుంటే చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాను.

"ఏమే, ఈ చలికి చస్తావే. బయటికి తెరుచుకునేదే పెట్టిద్దాం. పలచటిదే పెట్టిద్దాం. నీ మొండితనం సంతకెళ్ల!"

ఆవిడ మెట్ల వైపే చూస్తోంది.

"తలుపు పెడితే ఆయనొచ్చి మళ్లీ కొట్టాలి కదా వదినా," అంది.

నేను నా శాలువా తీసి ఆవిడ కాళ్ల మీద కప్పి, మెట్ల వైపు గాలికి అడ్డంగా నా కుర్చీ జరుపుకుని కూర్చున్నాను.