బూడిద, దారం, పక్కింటి పిన్నిగారు

పక్కింటి పిన్నిగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున పాలావిడ గోడ మీదుగా గిన్నె అందిస్తూ చెప్పింది. "అయ్యగారూ, ఆ దారాలమ్మ పోయిందంటండి. మూడ్రోజుల జ్వరమేనంట." ఆ పేరు విని గిన్నె సరిగ్గా అందుకోలేదు. పాలు గోడ మీద ఒలికాయి. భవానీపురంలో ఆవిడకు ఆ పేరు పెట్టింది నేనే.

ఈ పత్రిక చదివే అమ్మలకూ అయ్యలకూ నా సంగతి తెలిసిందే. ఐదో తరగతితో ఆగిన చదువు, గూడ్స్ షెడ్డులో బస్తాల మీద నంబర్లు వేసే ఉద్యోగం, చంకలో ఎప్పుడూ పరిశుద్ధ గ్రంథం. బళ్లో నేర్వనిది వాక్యంలో నేర్చుకున్నాను. పాపం ఎక్కడ దాక్కున్నా వాసన పట్టి బయటికి లాగుతానని నాకు పేరు. బెల్‌బాటం ప్యాంట్ల మీద వరసగా మూడు ఆదివారాలు నిప్పులు కురిపించినవాణ్ణి. అలాంటివాడి పక్కింట్లో కాపురం ఉండాల్సి రావడం పిన్నిగారి ఖర్మ.

ఆవిడది నేతపనివాళ్ల ఇల్లు. భర్త పోయాక మగ్గం అమ్మేసి, ఒక్కగదిలో ఒక్కరే ఉండేవారు. నాకు ముందు ఆ గది తలుపు మీద అనుమానం వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి, మగవాళ్లు పనుల్లో ఉండగా, ఒక్కో ఆడమనిషి లోపలికి వెళ్లేది. తలుపు మూసుకునేది. అరగంటకు బయటికొస్తే కళ్లు ఎర్రగా ఉండేవి. పలకరిస్తే తల దించుకుని పోయేది. ఒకామె నుదుటి మీద బూడిద చూశాను. పోనీ డబ్బు కోసమా అంటే, పిన్నిగారు పైసా పుచ్చుకునేవారు కాదు. నాలుగు దొండకాయలో, గుప్పెడు చింతపండో ఇస్తే తీసుకునేవారు. అది నా అనుమానాన్ని ఇంకా పెంచింది. ఊరికే చేసే పని వెనక ఏదో ఉంటుందని నా నమ్మకం.

ఒకరోజు ఆవిడ ఊడ్చిన చెత్త గాలికి మా గుమ్మం ముందుకు కొట్టుకొచ్చింది. కర్రతో కదిపి చూశాను. మెలితిరిగిన తెల్లదారం ముక్కలు. వాటికి అంటుకుని పొట్టి పొట్టి వెంట్రుకలు. అంతటా బూడిద. అమ్మలారా, దారం, వెంట్రుకలు, బూడిద! చేతబడికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? దారాలతో ప్రాణాలను వేటాడే స్త్రీలను గద్దించిన ప్రవక్త మాట తెరిచిపెట్టి, ఆ ఆదివారం మా వాకిట్లో జరిగే ప్రార్థన కూటంలో బల్ల గుద్దాను. "మన వీధిలో ఒక దారాలమ్మ ఉంది, జాగ్రత్త!" అన్నాను. పేరు చెప్పకపోవడం మర్యాద అనుకున్నాను. ఇల్లు ఎటువైపో మాత్రం నా వేలు చూపించింది.

వీధిలో ఆడవాళ్లు అటు వెళ్లడం మానేశారు. ఒక్క మనిషి మానలేదు. నా భార్య.

అంతకు నాలుగు నెలల ముందు మాకు మగబిడ్డ పుట్టి, పదకొండో రోజున పోయాడు. పాతిపెట్టి వచ్చిన రోజే నేను ఇంట్లో శాసనం చేశాను. "ఇచ్చినవాడే తీసుకున్నాడు. ఏడిస్తే ఆయన మీద సణిగినట్టే. ఈ ఇంట్లో ఏడుపు వినపడకూడదు." ఆమె ఏడవలేదు. చూశారా విశ్వాసం అని కూటంలో సాక్ష్యం కూడా చెప్పాను. ఇప్పుడు ఆమె ఎర్రటి కళ్లతో గోడ అవతల నుంచి వస్తోంది.

"ఎక్కడికెళ్లావు?"

"పిన్ని దగ్గరికండీ. బొమలు తీయించుకోడానికి."

"బొమలు తీస్తే ఏడుస్తారా ఎవరైనా?"

"నొప్పండీ," అంది, నా ముఖం చూడకుండా.

నమ్మలేదు. దిండు కింద వెతికాను. ట్రంకుపెట్టె అడుగుదాకా వెతికాను. తాయెత్తు దొరకలేదు. అంత జాగ్రత్తగా దాచారంటే ఎంత పెద్దదో అనుకున్నాను.

మర్నాడు పనిలోంచి తొందరగా వచ్చి, గ్రంథం పట్టుకుని, ఆ తలుపు తట్టకుండానే తోశాను. నా భార్య చాప మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో తన నుదుటినీ కనురెప్పనూ లాగిపట్టుకుని ఉంది. పిన్నిగారు ఆమె తల దగ్గర కూచుని, దారం కొస పళ్ల మధ్య బిగించి, మిగతాది వేళ్ల మధ్య కత్తెరలా మెలిపెట్టి, కనుబొమ కింద ఆడిస్తున్నారు.

"ఆపండి! ఏ శక్తితో చేస్తున్నారిది?" అని గర్జించాను.

నోట్లో దారం ఉంది కదా, ఆవిడ మాట్లాడలేదు. గడ్డంతో పీట చూపించారు. గ్రంథం ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడ్డాను. ఆ బొమ ఎంతకీ అవలేదు. చెయ్యి లాగింది. కూచున్నాను.

అప్పుడు దారం తీసి, "ఇప్పుడు అడగండి అయ్యగారూ," అన్నారు.

"ఈ బూడిద ఏ శ్మశానంలోది?"

"మా పొయ్యిలోది. జల్లించి రాస్తే వెంట్రుక జారదు. రేపు పొద్దున మీరూ పళ్లు తోముకుని చూడండి, నేను తోముకునేదీ అదే."

"ఈ దారం?"

"కుట్టుమిషను దారం. మా నేత నూలైతే పుటుక్కున తెగి ఊరుకుంటుంది."

"ఎవరు నేర్పారు ఈ విద్య?"

"మా మేనత్త. కూచిపూడి పక్క ఊరే మాది. ఆడవేషం కట్టే మగాళ్లకి ఆవిడే తీర్చేది. మీసం తీసేటప్పుడు కిక్కురుమనని వాళ్లు, బొమల దగ్గరికొచ్చేసరికి అమ్మోయ్ అని ఏడిచేవాళ్లు."

"మరి ఈమె ఎందుకేడుస్తోంది?"

పిన్నిగారు నా భార్య వంక ఒకసారి చూశారు. "దారం పడితే ఎవరికైనా కళ్లలో నీళ్లొస్తాయి నాయనా. వచ్చాక, అవి దేనికొచ్చినవో ఎవరూ అడగరు. ఇక్కడికొచ్చేవాళ్లలో సగంమందికి బొమలు బాగానే ఉన్నాయి."

చాప మీదున్న మనిషిని చూశాను. ఆ బొమలు రెండు గీతల్లా సన్నబడిపోయి ఉన్నాయి. తీయడానికి ఏమీ మిగల్లేదు. నాలుగు నెలలుగా వారం వారం వస్తున్న మనిషికి ఏం మిగులుతాయి? ఎదురుగా కూచుని అన్నం తింటూ ఒక్కనాడు కూడా నేనది చూడలేదు.

"మీవి గుబురుగా పెరిగి కళ్లకి అడ్డమొస్తున్నాయి అయ్యగారూ. పడుకోండి, తీసేస్తా," అన్నారు పిన్నిగారు. నా భార్య నవ్వింది. బిడ్డ పోయాక అదే మొదటి నవ్వు. నేను లేచి వచ్చేశాను.

ఇది నాలుగేళ్ల కిందటి మాట. ఆ సాయంత్రం నా భార్యతో 'ఏడవాలనిపిస్తే ఇక్కడే ఏడువు' అందామనుకున్నాను. బల్ల దగ్గర గంటన్నర ఆగని నోరు, వంటింటి గడప దగ్గర పెగల్లేదు.

ఆడవాళ్లు మెల్లగా మళ్లీ వెళ్లడం మొదలుపెట్టారు. పేరు మాత్రం అతుక్కుపోయింది. పిన్నిగారు ఒక్కసారే అడిగారు. "బల్ల గుద్ది అన్నారుగా. కాదని చెప్పేటప్పుడూ గుద్దండి, వినపడాలి కదా." సరేనన్నాను. పండగ వెళ్లాక అనుకున్నాను, వానలు వెలిశాక అనుకున్నాను. నిజం దాచను. ఆ మధ్యాహ్నం తర్వాత కూడా మూడుసార్లు ఆవిడ చెత్తను కర్రతో కదిపి చూశాను. అనుమానం అలవాటైన చెయ్యి అది.

ఆవిడ మాటలు మాత్రం సిగ్గులేకుండా వాడుకున్నాను. "తీయడం వేళ్లకి తెలుసు, ఆపడం కంటికి తెలియాలి." "బొమ కింద తీసుకో, పైన ముట్టుకోకు. పైది దేవుడు గీసిన గీత." ఈ రెండూ నా ప్రసంగాల్లో విని మెచ్చుకున్నవాళ్లున్నారు. పిన్నిగారు గోడ అవతల నుంచి విని, "నా మాట బాగా అమ్ముడుపోయింది అయ్యగారూ!" అనేవారు.

ఆ చాప మీద పడుకుని నా భార్య నా గురించి ఏమేం చెప్పిందో అని ఇప్పటికీ లోపల తొలుస్తుంది. ఏం విన్నా పిన్నిగారు పెదవి దాటనివ్వలేదు. మంగళవారం మధ్యాహ్నం కృష్ణ ఒడ్డున అదంతా ఆవిడతోనే కాలిపోయింది.

గుద్దడానికి ఇప్పుడు నా ముందు ఈ కాగితమే ఉంది. అయినా గుద్దుతున్నాను, వినండి. ఆవిడ దారం ఏ ప్రాణాన్నీ వేటాడలేదు. నేను నా ఇంట్లో నోరు నొక్కిన ఏడుపుకి ఆవిడ తన ఇంట్లో చాప పరిచారు. ప్రవక్త మాటలో తప్పు లేదు, చదివిన కళ్లలో ఉంది. ఆవిణ్ణి దారాలమ్మ అనకండి.

ఒడ్డు నుంచి వచ్చి స్నానం చేశాక, నా భార్య చాప పరిచింది. పక్కన దారపుకండె, చిప్పలో బూడిద. "పడుకోండి," అంది. "కంట్లో పడుతున్నాయి." ఈసారి లేవలేదు. నుదురు నేనే లాగిపట్టుకున్నాను. మొదటి లాగుకే కళ్లు నిండాయి. రెండో లాగుకి నా గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. పదకొండు రోజుల బిడ్డను పాతిపెట్టిననాడు రావలసిన చప్పుడు. ఆమె ఎందుకని అడగలేదు. పళ్ల మధ్య దారం ఉంది కదా. రెండు బొమలూ అయిపోయాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ కొస అలాగే పళ్ల మధ్య పట్టుకుని, నేను ఆగేదాకా కూచుంది.