ఎడమ వైపు ఇంకోసారి

బొబ్బిలిలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే కన్యాకుమారి, ఒకసారి బల్ల కింద దూరిన నాగుపాము మీద పెద్ద డేగిసా బోర్లించి, పాములవాడు వచ్చేదాకా దాని మీదే కూర్చుంది. అటువంటి మనిషి, మమోగ్రామ్ తీయించుకోమని లేడీ డాక్టరు చెప్పిన రోజు నుంచి సరిగ్గా అన్నం తినలేదు.

ఆమెకు నలభై ఆరేళ్లు. గడ్డా లేదు, నొప్పీ లేదు. బీపీ మాత్రల కోసం వెళితే, "నలభై దాటాయి కదా, రొమ్ముకి ఒకసారి ఆ ఎక్స్‌రే తీయించుకోండి, అందరికీ చెప్పేదే" అంది డాక్టరు. కానీ కన్యాకుమారికి జగ్గమ్మ పిన్ని కళ్లముందు మెదిలింది. పిన్ని అక్కడి గడ్డను ఎవరికీ చెప్పకుండా పైట కింద దాచుకుంది. చెప్పేనాటికి అది పుండైపోయింది. చివరి రోజుల్లో ఆ గదిలో వాసన రాకుండా సాంబ్రాణి వేసేవారు. ఇప్పటికీ సాంబ్రాణి పొగ తగిలితే కన్యాకుమారి అక్కణ్నుంచి లేచిపోతుంది.

"సూస్తేనే కదా ఉన్నాదని తెలిసేది? సూడకపోతే లేనట్టే" అని రోజులు నెట్టింది.

శ్రీకాకుళంలో ఫార్మసీ చదువుతున్న కూతురు సుహాసిని ఊరుకోలేదు. అక్కడి ఆసుపత్రిలో తనే మాట్లాడి ఫోన్ చేసింది. "నెలసరి అయిపోయిన వారంలో అయితే నొప్పి తక్కువుంటాదమ్మా. ఆరోజు పౌడరూ సెంటూ రాసుకోకు. ఫొటోలో మచ్చల్లాగ పడితే లేనిపోని కంగారు."

భర్త సింహాచలంతో కలిసి బస్సెక్కింది. అతను ఆమెకు మేనమామే. వాళ్లు శ్రీకాకుళం చేరేసరికి సుహాసిని ఆసుపత్రి గుమ్మం దగ్గర ఎదురుచూస్తోంది.

ఆసుపత్రిలో టెక్నీషియన్ అమ్మాయి ముందు తెరిచే గౌను ఇచ్చి, "మెడలో ఉన్నవన్నీ తీసెయ్యండమ్మా" అంది. కన్యాకుమారి చెయ్యి పుస్తెలతాడును గట్టిగా పట్టుకుంది. పెళ్లినాటి నుంచి అది మెడ దిగలేదు. బయటికొచ్చి, "నానుండనే, ఇంటికి పోదాం" అని కూతురి చెయ్యి లాగింది. సింహాచలం రోడ్డు దాటి వెళ్లి పసుపుతాడు, పసుపుకొమ్ము తెచ్చాడు. జనం చూస్తుండగానే కొమ్ము కట్టిన తాడు ఆమె మెడలో వేసి, పుస్తెలు తీసి తన జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడెళ్లు కుమారీ. నానిక్కడే ఉంతాను."

తాడు వీపు మీదకు వేసుకుంటే చాలంది టెక్నీషియన్. మిషను ముందు నిలబెట్టి, రొమ్మును చల్లటి పలక మీద సర్ది, పైనుంచి ఇంకో పలక దించింది. షట్టరు కింద వేలు నలిగినట్టయింది. "ఊపిరి బిగబట్టండి... అయిపోయింది, వదిలెయ్యండి." నొక్కిపెట్టింది కొద్ది క్షణాలే. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఆ తరవాత రెండో వైపు. ఇంతేనా అనుకుంటూ గౌను ముడి వేసుకుంటుంటే, ఫొటోలు పట్టుకుని లోపలికి వెళ్లిన అమ్మాయి తిరిగొచ్చింది.

"అమ్మా, ఎడమ వైపు ఇంకోసారి తియ్యాలి."

కన్యాకుమారి వేసుకుంటున్న ముడి మళ్లీ విప్పింది. పిన్నికి కూడా ఎడమ వైపే. మళ్లీ పలక దిగింది. ఈసారి నొప్పి తెలియలేదు. తరవాత ఇంకో గదిలో పడుకోబెట్టి, చల్లటి జిగురు రాసి, డాక్టరు స్కానింగ్ చేసింది. ఆవిడ తెరను చూస్తుంటే కన్యాకుమారి ఆవిడ మొహాన్నే చూసింది. కనుబొమ ముడిపడిందా? ఎందుకు మాట్లాడదు?

"నీటి బుడగమ్మా. ఈ వయసులో చాలామందికి ఉంటుంది. భయపడాల్సింది ఏమీ లేదు."

"నిజం సెప్పండి. మా ఆయన గానీ ఇలగ సెప్పమన్నాడేటి?"

"ఆయన్ని నేను చూడనేలేదు" అని డాక్టరు తెరను ఆమె వైపు తిప్పి, నల్లగా గుండ్రంగా ఉన్న చోటును చూపించింది. "ఇది నీరే. మందు కూడా అక్కర్లేదు. వచ్చే ఏడాది మళ్లీ చూపించుకుంటే చాలు."

జాకెట్టు హుక్కులు సుహాసినే పెట్టింది. వరండాలో మెడలో పుస్తెలు పడ్డాక, అంతసేపూ రాని ఏడుపు వచ్చింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అంది. "వచ్చే ఏడూ నువ్వు రావాల మావా. ఒక్కదాన్నే అయితే నాను గుమ్మం దాకా వెళ్లి వచ్చెత్తాను."

"వత్తాను" అన్నాడు సింహాచలం.