వడ్ల అంచున రాళ్లు

ఆ ఏడు యాసంగి కోతలప్పుడు నా స్నేహితుడి కారులో రామన్నపేట నుంచి ఆత్మకూర్‌కు బయలుదేరాం. కృష్ణా నదిని చూడాలన్నది నా ఆశ. దేవరకొండ దాటాక గుట్టలు కంటికి హాయిగానే ఉన్నాయి. కానీ ఊరూరి ముందూ సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, వాటి మీదికి బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు.

పొద్దుగూకే వేళకు రైతులు వడ్లు ఎత్తుకుపోయారు, రాళ్లు మాత్రం వదిలేశారు. మసక వెలుతురులో అవి తారులో కలిసిపోయి, మీదికి వచ్చేదాకా కనబడటం లేదు. రైతు బిడ్డ కదా, నా స్నేహితుడు ప్రతిచోటా కారాపి, దిగి, రాళ్లను పక్కకు దొర్లించాడు. మూడుసార్లు ఓర్చుకున్నాను. నాలుగోసారి ఒళ్లు మండింది.

"రాళ్లెత్తనీకె వచ్చినమా? ఆకలైతాంది, పోనియ్" అన్నాను.

"బండి మీద వచ్చెటోళ్లు పడుతరు రా."

"పెట్టినోళ్లకు లేని ఫికర్ నీకెందుకు?"

అతను ఈసారి దిగకుండా, రాళ్లను తప్పించి పోనిచ్చాడు. కాసేపటికి ఒక మోటార్‌సైకిల్ ఎదురొచ్చి, మమ్మల్ని దాటి ఆ రాళ్ల వైపే పోయింది. దానికి లైటు లేదు. ఇద్దరం చూశాం.

తెల్లారి అదే దారిన తిరిగొచ్చాం. మేం రాళ్లు వదిలేసిన చోట మళ్లీ వడ్లు పరిచారు. పక్కన పగిలిన అద్దం పెంకులు, ఒంటి చెప్పు. వరుసలోంచి ఒక రాయి దూరంగా జరిగి ఉంది. కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ముసలమ్మ వంగి, ఆ రాయిని తెచ్చి, మళ్లీ దాని జాగాలో పెట్టింది.