మేస్త్రీ గారు ఇంజను ఎక్కించిన ఎర్ర కారు

ముందుగా సమస్త ప్రజానీకానికీ సాష్టాంగపడి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. స్మృతి వ్యాసమంటే గొంతు సవరించుకుని 'తీరని లోటు' అంటూ మొదలుపెట్టాలని తెలుసు. నాకా విద్య రాదు. నాలుగేళ్ళు మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పిన గుడివాడ గురువులకి, ఆ చదువు ఫలితంగా ఓ స్పోర్ట్స్ కారులో డీజిల్ ఇంజను పెట్టించినందుకు యావత్ పెట్రోలు వంశానికి, దాని చప్పుడుకి బెదిరి గుడ్లు మానేసిన బందరు కోళ్ళకి, వాటి యజమానులకి, అందరికీ పేరుపేరునా క్షమాపణలు. ఇక విషయానికొస్తాను. మా మేస్త్రీ గారు పోయిన గురువారం పొద్దున్నే కన్నుమూశారు.

వాళ్ళబ్బాయి ఫోన్ చేసేటప్పటికి నేను గుడివాడ బస్టాండులో పునుగులు తింటున్నాను.

"నాన్న వెళ్ళిపోయాడండీ. కాఫీ అడిగాడు, తెచ్చేలోపే..."

నోట్లో పునుగు అలాగే ఉండిపోయింది. బందరు బస్సు ఎక్కాక కూడా మింగినట్టు గుర్తు లేదు.

బందరులో హార్బరుకి వెళ్ళే రోడ్డు మీద ఆయన షెడ్డు. నలభై ఏళ్ళు వేట పడవలకి ఇంజన్లు ఎక్కించిన మనిషి. ఇంజను జబ్బు కనిపెట్టడానికి ఓ జానెడు తుమ్మపుల్ల ఒక కొస ఇంజనుకి ఆనించి, రెండో కొస పళ్ళతో కరిచిపట్టి కళ్ళు మూసుకునేవారు. చప్పుడు పళ్ళలోంచి తలకెక్కుతుందట. "చెవులు నాలుగు మాటలు వింటాయి అబ్బాయ్, పళ్ళు ఒక్కటే వింటాయి" అనేవారు. అప్పటికి ఆయనకి ఉన్నవి ఆరో ఏడో. అన్నీ ఇంజన్ల కోసమే దాచుకున్నట్టుండేవి. గారెలు పెడితే చారులో నానబెట్టి తినేవారు.

నా కారు దొరికింది ముదినేపల్లి దగ్గర మా బాబాయి చేపల చెరువు షెడ్డులో, మేత బస్తాల కింద. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. ఇంజను దిమ్మ నిలువునా పగిలింది. విడిభాగాలు దొరకవు. చూసిన మెకానిక్కులందరూ నవ్వి పంపించేశారు. చివరికి ట్రాక్టరు ట్రక్కులో వేసి బందరు తీసుకెళ్ళాను.

మేస్త్రీ గారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేశారు.

"ఇది కారా, కాలిచెప్పా?"

"స్పోర్ట్స్ కారండీ."

"ఇంత కిందకుంటే వానాకాలం ఏం చేస్తావ్? ఈదుతావా?"

పాత డీజిల్ కారు ఇంజను ఒకటి ఉందన్నారు. స్పోర్ట్స్ కారుకి డీజిలా అని నేను మొహం చిట్లించాను. "పెట్రోలు ఇంజను కొత్తల్లుడు బాబూ. మర్యాద తగ్గితే అలుగుద్ది. డీజిలు ఇంట్లో ఎద్దు. తిట్టినా లాగుద్ది" అన్నారు. నా నాలుగేళ్ళ చదువు మడిచి జేబులో పెట్టుకుని సరేనన్నాను.

అడ్డుపడింది వాళ్ళబ్బాయి. చేపల చెరువుల్లో నీళ్ళు చిమ్మే ఏరేటర్లు అమ్ముతాడతను. సరుకు పెట్టుకోవడానికి షెడ్డు కావాలి.

"నాన్నా, నీకు కళ్ళు ఆనట్లేదు. మొన్న నువ్వు పెట్టిన ఇంజను సముద్రంలో ఆగిపోయింది. ఆ పడవోళ్ళు నా మొహం మీదే అన్నారు. ఇంక చాలు."

మేస్త్రీ గారు పానా కింద పెట్టారు. ఆయన పానా కింద పెట్టి మాట్లాడటం నేను చూసింది అదే మొదలు.

"ఈ కారొక్కటి చెయ్యనివ్వు రా. అవనిగడ్డ దాకా వెళ్ళి దాని చక్రాల మీద అది తిరిగొస్తే షెడ్డు నాది. రాకపోతే తాళం నీది."

నేను సరదాకి తెచ్చుకున్న కారు కాస్తా అలా ఒక మనిషి నలభై ఏళ్ళ మీద పందెమైపోయింది. మర్నాటి నుంచి టీ తాగే ప్రతి పడవ యజమానీ గ్లాసు పట్టుకుని షెడ్డు గుమ్మంలోనే నిలబడేవాడు. టీ చల్లారినా కదిలేవారు కాదు.

కారులోకి ఇంజను దించిన రోజు చైన్ పుల్లీకి అది వేలాడుతోంది. కింద నేను కొత్తగా వేయించిన ఎర్ర రంగు, అద్దంలా ఉంది. రెండిటికీ మధ్య వేలెడు సందు. గొలుసు ఒక్కో కడియం దిగుతుంటే ఆయన ఓ చేత్తో ఇంజనుని గేదెని నిమిరినట్టు నిమురుతూ, "ఊపిరి కూడా మెల్లగా తీసుకో" అన్నారు. నేను తీసుకోవడమే మానేశాను. ఇంజను కింద వెంటనే ఇనప బిగింపులు పెట్టలేదు. ముందు తుమ్మచెక్క దిమ్మలు పెట్టి, వాటి మీద వారం రోజులు ఇంజను తిప్పారు. తర్వాత దిమ్మలు తీసి, ఎక్కడ ఎంత నలిగాయో వేలితో తడిమి, దాన్నిబట్టి ఇనుము కోయించారు. పడవల్లో అలాగే చేస్తారట.

"ఇనుము మొహమాటపడుద్ది. చెక్క ఉన్నమాట చెప్పేస్తది."

పడవల వాళ్ళకి ఇంకో ఆచారముంది. ఇంజను ఎక్కించిన మేస్త్రీయే మొదటి వేటకి వెళ్ళాలి. మధ్యలో ఆగితే అందరితోపాటు తనూ మునగాలి. అందుకే కారు తాళం చెవి నా చేతిలోంచి తీసుకుని స్టీరింగు ముందు ఆయనే కూర్చున్నారు. లైసెన్సుందా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రోడ్డుకి రెండువైపులా హార్బరు జనం. వాళ్ళబ్బాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గేటు దాటుతూనే మేస్త్రీ గారు కింద పెడలుకేసి చూశారు.

"బ్రేకు బిగుసుగా ఉందేంటి?"

"కొత్త ప్యాడ్లు కదండీ. అరిగితే సర్దుకుంటాయి."

ఆయన తలూపారు. చల్లపల్లి దాకా ఆయన కళ్ళు రోడ్డు మీద, నావి వేడి చూపించే ముల్లు మీద. పులిగడ్డ వంతెన ఎక్కినప్పుడు మాత్రం కింద కృష్ణని చూసి, "ఇదే పడవైతే ఈపాటికి చేపలు కూడా పడేవి" అన్నారు. అవనిగడ్డలో సోడా తాగాం. నేను ఒక్క గుక్కలో తాగేసి కారెక్కి కూర్చుంటే ఆయన నవ్వారు. తిరుగు ప్రయాణంలో చల్లపల్లి దాటాక కొంచెం వేగం పెంచారు. ఇల్లు దగ్గరపడుతున్న ఎద్దు నడకలా ఉందన్నారు.

ముందర సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు చీపుళ్ళతో నెరుపుతున్నారు. మిగతా సగంలోకి పొలంలోంచి ఓ ట్రాక్టరు వెనక్కి వస్తోంది. మేస్త్రీ గారు బ్రేకు తొక్కారు. పెడలు బండరాయిలా ఉంది. రెండు కాళ్ళూ పెట్టి లేచి నిలబడినట్టు తొక్కారు. గేరు తగ్గించారు. ఇంజను అరిచింది గానీ కారు ఆగలేదు. ఓ పెద్దావిడ చీపురు వదిలేసి అలాగే నిలబడిపోయింది. ఆవిడ ముక్కుపుడక దాకా కనిపిస్తోంది నాకు.

ఆయన స్టీరింగు ఒక్కసారిగా తిప్పి కారుని మురుగుకాలువలోకి దింపేశారు.

దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన నుదురు బొప్పి కట్టింది. ఆ పెద్దావిడ ముందు మమ్మల్ని తిట్టి, తర్వాత మంచినీళ్ళిచ్చి, మళ్ళీ తిట్టింది. గంటలోపే బందరు నుంచి మోటారు సైకిళ్ళొచ్చాయి. వాళ్ళబ్బాయి గట్టు మీద నుంచే అరిచాడు.

"చెప్పానా? నాన్నా, నీకు చెప్పానా?"

మేస్త్రీ గారు మోకాలి లోతు బురదలో నిలబడి బానెట్ ఎత్తి లోపలికి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తి, "తప్పు నాదే రా. పడవలకి బ్రేకులుండవుగా. ఆ సంగతే మర్చిపోయాను" అన్నారు. గట్టు మీద జనం ఘొల్లుమన్నారు. మొలతాడుకున్న షెడ్డు తాళం చెవి అక్కడే విప్పి కొడుకు చేతిలో పెట్టారు.

ఆ తర్వాత షెడ్డులో ఏరేటర్లే ఉన్నాయి. గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో ఆయన. ఎవరూ ఏ ఇంజనూ చూపించడానికి రాలేదు. నేను వెళ్తే కారు గురించి అడిగేవారు కాదు, భోంచేశావా అని అడిగేవారు. మొన్న సమాధుల తోటలో కూడా ఒకాయన కళ్ళు తుడుచుకుంటూనే, "బ్రేకులు మర్చిపోయిన మేస్త్రీ అంటే బందరంతా తెలుసు, పాపం మంచోడు" అన్నాడు. పక్కనున్న వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన ఏమీ మర్చిపోలేదు. డీజిల్ కారులో బ్రేకు మెత్తగా దిగాలంటే ఇంజను పక్కన పిడికెడు వాక్యూమ్ పంపొకటి తిరగాలి. ఆయన పెట్టారు. దాని తోక లోపలి రేకుకి తగులుతోందని, సోమవారం ఆ రేకు రెండంగుళాలు కోద్దామని శనివారం చెప్పి వెళ్ళారు. నా ఎర్ర రంగు మీద రంపం పడటం నాకు ఇష్టం లేదు. ఆదివారం ఆయన చర్చిలో ఉండగా పంపు విప్పేసి, దాని నూనె బెజ్జానికి కొత్త బోల్టొకటి బిగించాను. బ్రేకు కాస్త గట్టిగా ఉంటుంది, అంతేగా అనుకున్నాను. సోమవారం, "కొయ్యక్కర్లేదండీ, సర్దేశాను" అన్నాను. ఒకడు బిగించానన్న చోట ఇంకొకడు పానా వెయ్యడం అవమానమని ఆయన పద్ధతి. వంగి కూడా చూడలేదు. "పర్లేదే, చదువు పనికొచ్చింది" అన్నారు, సంతోషంగా.

మురుగుకాలువలో బానెట్ ఎత్తినప్పుడు, నల్లటి ఇంజను మీద ఆ కొత్త బోల్టొక్కటే వెండిలా మెరుస్తోంది. ఆయన దాన్ని చూశారు. నా వైపు చూడలేదు. వాళ్ళబ్బాయి బురదలోకి దిగి తల లోపలికి పెట్టబోతుంటే, మేస్త్రీ గారు ఇంజను మీద చెయ్యి ఆనించుకుని నిలబడ్డట్టు నిలబడి, నూనె మరకల బొటనవేలు తీసుకెళ్ళి ఆ బోల్టు మీద పెట్టారు. జనం వెళ్ళేదాకా తియ్యలేదు.