పంచమం మీది చుక్క

రిటైరవడానికి రెండేళ్ల ముందు, శ్రావణమాసంలో నాకు వర్ణాల పుస్తకం అప్పగించారు. ఏలూరులో సంగీత గ్రంథాలు వేసే చిన్న ప్రచురణ సంస్థలో నేను సహాయ సంపాదకురాలిని. నా పైన ప్రధాన సంపాదకులు విశ్వనాథం గారు. "అమ్మమ్మా, పాటల పుస్తకంలో దిద్దడానికి ఏముంటుంది?" అని మొన్న ఫోనులో అడిగారు కదా మీరిద్దరూ, అందుకే చెబుతున్నాను.

మన స్వరలిపిలో అక్షరమే స్వరం. 'ప' అంటే పంచమం. నెత్తిన చుక్క పెడితే పై స్థాయి, కింద పెడితే కింది స్థాయి. చుక్క తప్పితే పాడేవాళ్ల గొంతూ తప్పుతుంది.

ఆ వర్ణాలకు మూలం కైకలూరు నాదస్వర విద్వాంసులు సుభానీ గారి దగ్గరున్న వాళ్ల తాతగారి నోటుబుక్కు. దాన్ని ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు. తానే దగ్గరుండి జిరాక్స్ తీయించి పంపారు. నెలల తరబడి ఆ కాగితాలతోనే పనిచేశాను. అయిదో వర్ణంలో స్వరం ఉన్నట్టుండి పై పంచమానికి ఎగురుతుంది. ఆ సాహసాన్ని మెచ్చుకుంటూ విశ్వనాథం గారు ముందుమాటలో అరపేజీ రాశారు. ఆఖరి ప్రూఫు కింద 'మూలప్రతితో సరిచూశాను' అని సంతకం పెట్టి తాడేపల్లిగూడెం ప్రెస్సుకి పంపేశాను.

రెండు రోజుల తర్వాత జిరాక్సు కాగితాలు బీరువాలో సర్దుతుంటే, పంచమం ఉన్న కాగితం తర్వాతిదానిలో సరిగ్గా అదే చోట ఒక చుక్క కనిపించింది. అక్కడ స్వరమే లేదు, రెండు వరుసల మధ్య ఖాళీ. ఆ తర్వాతి కాగితంలోనూ ఉంది. అది పురుగు తొలిచిన కన్నం, జిరాక్సులో నల్లగా పడింది.

ప్రెస్సు రాంబాబు గారికి ఫోను చేశాను.

"ఏవండీ మేడమ్ గారూ, అచ్చు ప్లేట్లు తయారైపోయాయండీ. రేపు పొద్దున్నే మెషీను ఎక్కించేస్తున్నాం. చుక్కే కదండీ!"

"మీకు చుక్కేనండీ. పాడేవాళ్లకి ప్రాణం మీదకొస్తుంది. రేపు మధ్యాహ్నం దాకా ఆపండి."

సంగతి చెబితే విశ్వనాథం గారు ముఖం చిట్లించారు. "అరపేజీ రాశానమ్మా దాని మీద. నేను పొగిడింది పురుగునంటావా?"

మర్నాడు తొలి బస్సుకి కైకలూరు బయల్దేరాను. దారంతా వాన, రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు. నా బుర్రలో మాత్రం చుక్కలే. ఒకటి కన్నమైతే, ఇన్నాళ్లూ నేను ఎక్కించినవాటిలో ఇంకెన్ని కన్నాలో!

సుభానీ గారు నోటుబుక్కుని తువ్వాలులో పెట్టి తెచ్చారు. గుమ్మంలో నిలబడి ఒక్కో కాగితాన్నీ వెలుతురుకి ఎత్తి చూశాను. నాలుగు చుక్కల్లోంచి వెలుతురు దూరింది. అందులో పంచమం ఒకటి.

ఆయన నవ్వారు. "ఈ వర్ణం రాసేనాటికి మా తాతకి ముందు పళ్లే లేవండీ. అంత పైకి ఎక్కడ ఊదుతాడండీ!"

మూడు ఉత్త కన్నాలేనని తేలిపోయింది. నాలుగో కన్నం అంచున మాత్రం సిరా మరక ఉంది. అక్కడ చుక్క ఉండేదేమో, పురుగు తినేసిందేమో. ఎలా వాయించేవారని అడిగాను.

"నాన్న పైకెళ్లేవారండీ. బాబాయి కిందే ఉండేవారు. ఆ చోటొస్తే ఇద్దరూ పోట్లాటేనండీ."

అక్కణ్ణుంచే ప్రెస్సుకి ఫోను చేసి ప్లేట్లు మార్పించాను. నాలుగోదానికి అడుగున ఒక పాదసూచిక వేయించాను: 'ఇక్కడ కాగితం పురుగు తిన్నది. చుక్క ఉన్నదీ లేనిదీ తెలియదు.' "మన చేతగానితనం మనమే అచ్చేసుకోవాలా?" అన్నారు విశ్వనాథం గారు ఫోనులో. వేసుకోవాలండీ అన్నాను. తన అరపేజీ ఆయనే కొట్టేశారు, వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పురుగు దాని పని అది చేసుకుంది. తప్పు నాది. మూలప్రతిని కంటితో చూడకుండానే దానితో సరిచూశానని సంతకం పెట్టాను. ఆ తర్వాత చేసిన ప్రతి పుస్తకంలోనూ ఏది చూశానో అదే రాశాను. జిరాక్స్ చూస్తే జిరాక్స్ అనే రాశాను.