సొంత గుడిసె ముందు చాటింపు

విడవలూరు పక్క ఆ పల్లెలో నాట్లు ఆగి నాలుగు రోజులైంది. అది అరవై ఏడో సంవత్సరం. ఊరి బయట మునసబు నేలలో గుడిసెలేసుకున్న పాలెం ఆడవాళ్లు, కూలి పెంచితేనే ఆయన చేలో దిగుతామని ఒట్టేసుకున్నారు. మొదట ఒట్టేసిన మనిషి పేరు సమాధానం. నాటులో ముందు వరస ఆమెదే మరి, ఆమె దిగకపోతే ఎవరూ దిగరు.

చిక్కంతా ఆమె మొగుడితోనే. జకరయ్య ఊరి వెట్టివాడు. మునసబు చెప్పిన మాటను తప్పెట కొట్టి చాటడం తాతల నాటి పని, అందుకే వాళ్లకు అరెకరం మాన్యం. చెప్పింది చెప్పినట్టు చాటాలి. మహానుభావుడు, పాతికేళ్లలో ఒక్క ముక్క అటూ ఇటూ చెయ్యలేదు!

ఆ పొద్దున మునసబు ఇంటి నుంచి తిరిగొచ్చి, గడ్డి మంట వేసి గట్టిగా మోగేలా తప్పెట కాచుకుంటున్నాడు.

"ఏందయ్యా చాటింపు?" అడిగింది సమాధానం.

"రేపు నాటుకు రానోళ్లు గుడిసెలు ఖాళీ చెయ్యాలంట."

సమాధానానికి ఒళ్లు మండింది. "నీ నోటితోనే నన్ను బయటికి పొమ్మంటావా? సిగ్గుగా లేదా?"

"చాటకపోతే మాన్యం పోతాదిమే."

"చాటితే ఆడోళ్లు బెదిరిపోతారు. రేపే దిగుతారు. ఇన్నాళ్లు పస్తులున్నది ఎందుకంట?"

అతను తప్పెట భుజాన తగిలించుకుని పోయాడు.

ఆమె లోపల కూర్చోలేక, బయట నిలవలేక తిరిగింది. పొయ్యి మీద గంజి మాడింది. ఊళ్లో తప్పెట మోగింది, తర్వాత చెరువు వీధిలో, తర్వాత పాలెం మొదట్లో.

పక్క గుడిసె పోలేరమ్మ చంకలో బిడ్డతో వచ్చింది. "అక్కా, పిల్లల్నేసుకుని యాడికి పోతాం? దిగేద్దామా?"

సమాధానం దరువు వచ్చే వైపే చూసింది.

చాటింపు ఎప్పుడూ వెట్టివాడి గుమ్మం ముందే ముగియాలి. జకరయ్య వచ్చి నిలబడ్డాడు, పెళ్లాం మొహం చూడకుండా గొంతెత్తాడు. "వినండహో! రేపు నాటుకు రానివాళ్లు పాలెంలో గుడిసెలు ఖాళీ చెయ్యాలని మునసబుగారి ఉత్తరువహో!"

ఛీ, పాడు మనిషి అనుకుంది సమాధానం.

జకరయ్య తప్పెట దించి గోడకు ఆనించాడు. వంగి లోపలికి పోయి గంజికుండ తెచ్చి వీధిలో పెట్టాడు. మళ్లీ పోయి చాప తెచ్చాడు, ట్రంకుపెట్టె తెచ్చాడు, గోడమీది సిలువ తెచ్చాడు.

"ఏం చేస్తాండావయ్యా?"

"ఉత్తరువు వినలేదా? నా పెళ్లాం రేపు నాటుకు పోదు. అందుకని ముందు మేమే ఖాళీ చేస్తాండాం."

సమాధానానికి పొద్దుటి నుంచి తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికి పోయి రోలు దొర్లించుకొచ్చింది. పోలేరమ్మ కాసేపు గుడ్లప్పగించి చూసి, తన గుడిసెలోకి పరిగెత్తింది. సాయంత్రానికి పాలెం కుండలన్నీ వీధిలో ఉన్నాయి.

పొద్దు గుంకే వేళ తలారి ముత్యాలయ్య రొప్పుకుంటూ వచ్చాడు. "జకరయ్యా, మునసబుగారు పిలస్తాండారు. ఇంకో చాటింపు ఉందంట. తప్పెట తీసుకుని రా."

జకరయ్య తప్పెటను ఒళ్లో పెట్టుకుని కాసేపు నిమిరాడు. "ఒమే, ఆ కడవ ఇట్టా తే."

కడివెడు నీళ్లూ దాని మీద కుమ్మరించాడు.

"తప్పెట తడిసింది, మోగదని చెప్పు."

సమాధానం రెండో కడవ తెచ్చింది.